మెరూన్ మహాయజ్ఞం

కర్నూలులోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల వెబ్‌సైటులో ఇటీవల ఆకుపచ్చ పోయి మెరూన్ వచ్చింది. ఆ మార్పుకు మూడు వారాలు పట్టిందని యాజమాన్యం సగర్వంగా చెప్పుకోగా, రంగు మార్చడానికి మూడు వారాలెందుకని ఊళ్ళో కొందరు విస్తుపోయారట. ఆ అమాయకులకు నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

శ్రమ విలువ తెలియనివారు కనిపెట్టిన వస్తువు ఎక్స్‌టర్నల్ స్టైల్ షీట్. 1994 అక్టోబరులో, వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న హోకోన్ వియుమ్ లీ అనే నార్వే దేశస్థుడు, వెబ్ పేజీలకు రంగురూపులను విడిగా రాసుకునే సీఎస్‌ఎస్ అనే పద్ధతినొకదాన్ని ప్రతిపాదించాడు. బెర్ట్ బాస్ ఆయనకు తోడయ్యాడు. 1996 డిసెంబరులో, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ దానికి ఆమోదముద్ర వేసింది. శీర్షికల రంగు, అక్షరాల పరిమాణం, అంచుల వెడల్పు అన్నీ ఒక సీఎస్‌ఎస్ ఫైలులో పెట్టి, ప్రతి పేజీ కోడ్ మొదట్లో ఉండే హెడ్ భాగంలో ఆ ఫైలును చూపే ఒక్క లింక్ ట్యాగ్ రాస్తే చాలు. ఫైలులో ఒక వరుస మారిస్తే సైటంతా మారుతుంది. బ్రౌజరు ఆ ఫైలును ఒకసారి దించుకొని దాచుకుంటుంది కనుక, పేజీ పేజీకీ మళ్ళీ దించుకునే అవసరం కూడా సాధారణంగా ఉండదు. పని ఇంత తేలికగా తెమిలిపోతే దానికి విలువేముంటుంది?

మన కళాశాల ఆ ప్రలోభానికి లొంగలేదు. అక్కడ ప్రతి పేరాకూ, పట్టికలోని ప్రతి గడికీ దాని రంగు దాని ఒంటిమీదే రాసి ఉంటుంది. ప్రిన్సిపాల్ గారి సందేశంలోని పచ్చకూ, హాస్టల్ రుసుముల పచ్చకూ చుట్టరికం లేదు. తెలుగు ప్రకటనల్లో వరుస ఎత్తును కూడా పేరా పేరాకూ ఇంగ్లీషు కొలతలో బిగించినందున కింది వత్తులు సగానికి తెగిపోతాయి. ఒక్క ఫైలులో తెలుగుకంటూ ఒక నియమం రాస్తే అవి బతుకుతాయి గానీ, అన్ని అధికారాలూ ఒకే ఫైలు చేతిలో పెట్టడం ప్రజాస్వామ్యానికి క్షేమం కాదు కదా.

మెనూ పేజీకి ఆగ్నేయ మూలన ఉన్నదనీ, అక్కడ ఆకుపచ్చ కూడదనీ ఒక వాస్తు పండితుడు ఛైర్మన్ గారికి సెలవివ్వడంతో యజ్ఞం మొదలైంది. ఇంటర్న్‌షిప్ పేరిట చివరి సంవత్సరం పిల్లలను రాజ్‌విహార్ దగ్గర కాంట్రాక్టరు గారి మేడమీది గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్క పేజీ తెరిచి పచ్చను వెతికి చంపమన్నారు. తొందరపాటు గల ఒక బుద్ధిశాలి 'గ్రీన్' అన్న మాట కనిపించిన చోటల్లా 'మెరూన్' పడేలా ఒకే మీట నొక్కాడు. దాంతో వృక్షశాస్త్ర విభాగంలో మెరూన్ హౌస్ వెలిసింది, మెరూన్ హౌస్ వాయువులపై జాతీయ సదస్సు జరిగినట్టు నమోదైంది, పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు ఎవర్‌మెరూన్ అయ్యారు. ఆ తరువాత మెరూన్ అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఒకరు వెబ్‌లో మెరూన్‌కు ప్రామాణికమైన 800000 అనే రంగు సంఖ్య వాడారు. మరొకరు మిట్టమధ్యాహ్నం ఎండలో కళాశాల బస్సును ఫోటో తీసి అందులోనుంచి రంగు తోడుకున్నారు. మూడవవారు కంటికి నచ్చినది పెట్టారు. ఛైర్మన్ గారు చూసి "ఏమప్పా, ఇది వంకాయ రంగు కదా?" అన్నారు. "మీ ల్యాప్‌టాప్‌లో అట్ల కనపడతాంది సార్" అని జవాబు వచ్చింది. అక్కడికక్కడే ఒక కమిటీ వేశారు.

ఈ గొడవ చూడలేక ఒక ల్యాబ్ అధ్యాపకుడు రహస్యంగా ఒక స్టైల్ షీట్ తగిలించాడు. ఏమీ మారలేదు, ఒంటిమీద రాసిన రంగు ముందు బయటి ఫైలు మాట చెల్లదు. పట్టుదలతో ప్రతి నియమానికీ, ఒంటిమీది రాతను కూడా తోసిపుచ్చే 'ఇంపార్టెంట్' అనే తోక తగిలించేసరికి, ఫీజు చెల్లించే బటన్ మీది తెల్ల అక్షరాలు మెరూన్‌పై మెరూన్‌గా మాయమయ్యాయి. ఆ కళాశాల చరిత్రలో వెబ్‌సైటు లోపాన్ని గంటలోపు సరిదిద్దడం అదే మొదటిసారి. ఆ సీఎస్‌ఎస్ ఫైలును తొలగించి, ఇకపై ఎవరూ ఇటువంటి ప్రయోగాలు చేయరాదని సర్క్యులర్ ఇచ్చారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఆ మేడమీద కూర్చున్న పిల్లలు ఎవరు? ఆలూరు నుంచి, పత్తికొండ నుంచి వచ్చినవాళ్ళు. వాన లేని ఏడు మిరపకాయలు కోయడానికి గుంటూరుకు వలసపోయే ఇళ్ళ పిల్లలు. ఒంటిమీదే రాసే ఇన్‌లైన్, పేజీలోనే ఒకచోట రాసే ఇంటర్నల్, విడి ఫైలులో రాసే ఎక్స్‌టర్నల్ స్టైల్ షీట్ల మధ్య తేడాలు రాయమంటే ఇదే కళాశాల పరీక్షలో వాళ్ళు రాశారు, ఎక్స్‌టర్నల్ మేలని రాసినందుకు మార్కులు తెచ్చుకున్నారు, ఆ కోడ్‌నంతా రికార్డు పుస్తకంలో చేత్తో ఎక్కించి ఎర్ర సిరాతో సంతకాలు పెట్టించుకున్నారు. తాము నేర్పిన చదువునే తమ గేటు దాటనివ్వని వీళ్ళు ఏ ముఖంతో ఫీజు వసూలు చేస్తున్నారు? హాస్టల్ నియమాల పేజీలో ఒక మూల పచ్చ మిగిలిపోయిందని ఒక కుర్రవాడికి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఆపేశారు. అన్ని పేజీల్లో చేత్తో రంగు మార్పించినప్పుడు ఎక్కడో ఒకచోట మిగలకుండా ఎలా ఉంటుంది? తప్పు ఆ పని పెట్టినవాడిదా, రాత్రి రెండింటి దాకా కళ్ళు పోగొట్టుకున్నవాడిదా? సిగ్గుండాలి.

పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగుల తగాదా 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రాష్ట్రం మనది. రంగు మార్చడమంటే ఒక డబ్బా, ఒక కుంచె, కొందరు కూలీలు, వాటన్నిటికీ మించి ఒక బిల్లు ఉండాలన్న నమ్మకం ఇక్కడ బలంగానే ఉంటుంది. ఈ యజ్ఞానికి కూడా కాంట్రాక్టరు గారు బిల్లు పెట్టారు, పేజీకి ఇంత అని. పిల్లలకు అందులో రూపాయి లేదు. స్టైల్ షీట్ వాడి ఉంటే ఆయనకు ఒక్క పేజీ బిల్లు కూడా వచ్చేది కాదు, ఎందుకంటే ఒప్పందం ప్రకారం సీఎస్‌ఎస్ ఫైలు పేజీ కిందికి రాదు.