ట్రాన్సిస్టర్: విడదీయబోతే తడబడే మాట

గవర్నర్‌పేటలో ఒక రిపేరు షాపు బల్లమీద ఈమధ్య పాత రేడియో ఒకటి మూత విప్పి ఉంది. షాపు పెద్దాయన ఆ పెట్టెనే ట్రాన్సిస్టర్ అన్నాడు. పక్కనున్న కుర్రాడు మాత్రం లోపల మూడు కాళ్లమీద నిలబడి విద్యుత్ సంకేతాన్ని పెంచే చిన్న ముక్కను చూపించి అదే మాట అన్నాడు. ఇద్దరిదీ సరైన వాడుకే. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైనప్పుడు ఇళ్లలో ఉన్నవి బరువైన వాల్వు సెట్లు. తర్వాత బ్యాటరీలతో పొలం గట్టు దాకా వెళ్లగలిగిన చిన్న రేడియో రాగానే, దాన్ని సాధ్యం చేసిన భాగం పేరే దానికి స్థిరపడింది.

చిక్కంతా ఆ పేరు పుట్టుకలో ఉంది. ట్రాన్స్‌ఫర్, రెసిస్టర్ (కరెంటును నిరోధించే భాగం) కలిస్తే ట్రాన్సిస్టర్ అని బెజవాడలో ఇంటర్ చదివిన రోజుల్లో మాకు చెప్పారు, మేమూ పరీక్షలో అదే రాశాం. అది సగమే నిజం. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్తలు బార్డీన్, బ్రాటెన్ ఈ పరికరాన్ని పనిచేయించి చూపాక, 1948 మే నెలలో దాని పేరు కోసం సహోద్యోగుల మధ్య ఓటింగు పత్రం తిప్పారు. క్రిస్టల్ ట్రయోడ్, అయోటట్రాన్ వంటి పేర్లతో పోటీపడి నెగ్గింది అక్కడి ఇంజనీరు జాన్ పియర్స్ సూచించిన ట్రాన్సిస్టర్. ట్రాన్స్‌కండక్టెన్స్ (లోపలికిచ్చే వోల్టేజీ మారితే బయటికొచ్చే కరెంటు ఎంత మారుతుందో చెప్పే కొలత) లేదా ట్రాన్స్‌ఫర్ అనే మాటకు వేరిస్టర్‌ను కలిపి కుదించిన రూపమిదని ఆ పత్రమే వివరించింది. వోల్టేజీని బట్టి నిరోధం మారే పరికరం వేరిస్టర్. తమాషా ఏమిటంటే, ఆ పేరు కూడా వేరియబుల్, రెసిస్టర్ అనే రెండు మాటల అతుకే.

మేనల్లుడు అన్న మాటను మన బడిపిల్లలైనా మేన, అల్లుడు అని తడుముకోకుండా విడదీస్తారు, ఎందుకంటే అత్వ సంధిలో పోయేది ఒక్క అచ్చే కాబట్టి మిగిలిన అక్షరాలు మూలపదాలకు సాక్ష్యంగా నిలుస్తాయి. ఇంగ్లీషు అతుకుమాటల్లో అక్షరాల గుత్తులే తెగిపోతాయి. ఇక్కడ మిగిలిన ‘ఇస్టర్’ అనే తోక రెసిస్టర్‌కూ వేరిస్టర్‌కూ ఉమ్మడిది గనుక, మాటను ఎంత తరచి చూసినా అది ఎవరిదో తేలదు. తేల్చవలసింది ఆనాటి కాగితమే. తెలిసిన రెసిస్టర్‌ను పట్టుకున్న అధ్యాపకులను తప్పుపట్టలేం. అయినా, బోర్డుమీద ట్రాన్స్‌ఫర్, రెసిస్టర్ అనే ఆ రెండు మాటల మధ్య వేరిస్టర్ అని ఒక్క మాట రాయడానికి అర నిమిషం పట్టదు.