అబ్బాయిది ఏ సెగ్మెంటండి?

కార్లను సెగ్మెంట్లుగా విడగొట్టినవాళ్లు మహానుభావులు. యూరప్‌లో ఏ, బి, సి, డి అంటూ అక్షరాలు దిద్దించారు. ఏ అంటే బుల్లి కారు, ఎఫ్ అంటే లగ్జరీ, ఎస్‌యూవీలకు వేరే జె. మన కార్ల తయారీదారుల సంఘం ఒకప్పుడు ఇంకా నిక్కచ్చిగా టేపే పట్టింది. 3400 మిల్లీమీటర్లలోపు మినీ, 4000 లోపు కాంపాక్ట్, 4500 లోపు మిడ్‌సైజ్, ఆపైన ఎగ్జిక్యూటివ్, ప్రీమియం, లగ్జరీ. ఇంత శాస్త్రం ఎవరికి పనికొస్తుందని మీరు అడగొచ్చు. గోదావరి జిల్లాల్లో దానికో గొప్ప ఉపయోగం కనిపెట్టాం. కట్నం కింద ఏ కారు పుచ్చుకుంటాడన్నదాన్ని బట్టి పెళ్లికొడుకులకు గ్రేడింగు ఇస్తున్నాం.

మొన్న పాలకొల్లు వైపు ఒక సంబంధం మాట్లాడుతుంటే విన్నాను. కాజాల పళ్లెం అందుకుంటూ మధ్యవర్తి సెలవిచ్చాడు: "మినీ సెగ్మెంటు మాట ఎత్తకండి బావగారూ. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరండి మరి."

"మరి కాంపాక్టు?" అన్నాడు అమ్మాయి తండ్రి, రొయ్యల రేటు అడిగినంత భయంగా.

అబ్బాయి పెదనాన్నగారు గొంతు సవరించుకున్నారు. వాళ్ల ఊరి రోడ్డుకి గ్రౌండ్ క్లియరెన్సు, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఎత్తు, 170 మిల్లీమీటర్లయినా లేకపోతే కష్టమట. ఈ 170 ఆయన సొంత లెక్క కాదు లెండి. పొడవు నాలుగు మీటర్లు, ఇంజను 1500 సీసీ దాటిన యుటిలిటీ బండికి ఆ క్లియరెన్సు కూడా ఉంటే ఎస్‌యూవీ కింద లెక్కని జీఎస్టీ కౌన్సిలే చెప్పింది. అదీ ఖాళీ బండికి కొలవాలట. వియ్యాలవారంతా ఎక్కాక ఎంత మిగులుతుందో కౌన్సిలు చెప్పలేదు.

"దానికి 40 శాతం పన్నండి" అని నీరసంగా అన్నాడు తండ్రి.

"పన్ను మీరు కట్టేదే కదండీ, మాకేం ఇబ్బంది లేదండి" అన్నారు పెదనాన్నగారు, ఎంతో ఉదారంగా.

అక్కడ మధ్యవర్తి ప్రతిభ చూడాలి. నాలుగు మీటర్లలోపు, 1200 సీసీలోపు పెట్రోలు బండయితే 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 18 శాతమే. చూపులకు ఎస్‌యూవీ, పన్నుకు చిన్న కారు, ఉభయతారకం! ఈ నాలుగు మీటర్ల గీత కోసమే 2012లో మారుతి డిజైర్ కారు డిక్కీ కోయించుకుని 3995 మిల్లీమీటర్లకు కుదించుకుంది. కార్ల కంపెనీయే అంత తగ్గినప్పుడు అబ్బాయి వాళ్లు తగ్గలేరా? తగ్గారు. "సరేనండి, కానీ సన్‌రూఫ్ ఉండాలండి. ఎక్స్‌షోరూం ధర కాదండోయ్, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఆన్‌రోడ్."

ఇంతకీ అబ్బాయి వాళ్ల ఇంటికి వెళ్లాలంటే పంటబోది మీద వంతెన దాటాలి. దాని మీద ఆటో వెళ్లడమే గగనం. కారు రైసుమిల్లు ఆవరణలో టార్పాలిన్ కింద ఉంటుందట. సన్‌రూఫ్ మీద కూడా టార్పాలినే.

ఇంత కొలత జరిగినచోట ఎవరూ కొలవనిది ఒక్కటే. కాజాల పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల ఎంబీఏ చదివింది, భీమవరంలో ఉద్యోగం చేస్తోంది. ఆమెది ఏ సెగ్మెంటో ఒక్కడూ అడగలేదు. ఆమె ఖర్చు పద్దు! ఆమె తండ్రి అమ్మబోయే అరెకరం చేను మాత్రం ఆన్‌రోడ్ ధరలో ఇన్సూరెన్సుతో సహా లెక్కకొచ్చేసింది.

సిగ్గు లేదూ? కట్నం నిషేధ చట్టం 1961 నాటిది. అడిగితే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. తీసుకుంటే, ఇస్తే, కనీసం అయిదేళ్లు. చదువుకున్న కుర్రాడు, నెలనెలా జీతం తెచ్చుకునేవాడు, తన కారు తను కొనుక్కోలేడా? కొనుక్కోగలడు, ఈఎంఐ కట్టగలడు. కట్టడు. మామగారి చేను ఉండగా ఎందుకు కట్టాలి? పైగా "మేమేం అడగలేదండి, మీ అమ్మాయి సుఖం కోసమేనండి" అంటారు. ఆ సుఖం రిజిస్ట్రేషన్ కార్డు మీద మాత్రం అబ్బాయి పేరే ఉంటుంది!

నిన్న మధ్యవర్తి మళ్లీ ఫోన్ చేశాడట. ఎలక్ట్రిక్ బండికి జీఎస్టీ 5 శాతమేనట కదా, ఆ మిగిలిన పన్ను డబ్బుతో పై సెగ్మెంటు రాదా అని అబ్బాయి వాళ్లు అడుగుతున్నారట. అమ్మాయి తండ్రి ఇంకా బదులు చెప్పలేదు. నన్నడిగితే ఇప్పుడే చెప్తాను గానీ, ఆ మాటలు అచ్చు వెయ్యరు.