రేవు అందం సరే, ఆఖరి పంటు వెళ్లిపోయాక సంగతి చెప్పండి

గోదారి అందాల వీడియోలు మళ్లీ మొదలయ్యాయి. గోదారి మీద డ్రోన్ ఎగరేయడం, వెనకాల ఫ్లూట్ మ్యూజిక్ పెట్టడం, "ఇక్కడ పుట్టినవాళ్లు అదృష్టవంతులు" అని రాయడం. కింద కామెంట్లలో "ఆయ్", "అండీ" అంటూ వెటకారాలు. డెల్టాలో ఏటిగట్టు పక్కనే ఓ చిన్న ఊళ్లో పుట్టి, ఇప్పటికీ అక్కడే ఉంటున్నదాన్ని. ఒళ్లు మండుతోంది. అందం లేదని కాదు, ఉంది. పొద్దున్నే రేవులోకి దిగితే నాకూ బాగుంటుంది. కానీ మీరు మురిసిపోయే అందంలో సగం, మాకు వంతెన లేకపోవడం.

పంటునే తీసుకోండి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన చెక్కలు పరిచి, ఇంజన్ బిగిస్తారు. బైకులు, ఆటోలు, కొబ్బరికాయల బండి, గేదె, కాలేజీ పిల్లలు, అందరూ ఒకేసారి దాని మీదే. నీళ్లు తగ్గితే పంటు ఒడ్డుకి ఆనదు. అప్పుడు రెండు బల్లలు వాలుగా వేస్తారు, ఆటో వాటి మీదుగా వెనక్కి దిగాలి. చక్రం జారకుండా చెక్కముక్క అడ్డం పెట్టడానికి ఓ కుర్రాడు అక్కడే వంగి కూర్చుంటాడు. డ్రైవర్ కాలు బ్రేక్ మీద కాస్త అటూ ఇటూ అయితే ముందు నలిగేది వాడి వేళ్లే. మీ వీడియోల్లో సూర్యుడు కనిపిస్తాడు, వాడు కనిపించడు.

ఇక రాత్రి. ఆఖరి పంటు వెళ్లిపోయాక అవతలి ఒడ్డున ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఇవతల ఆసుపత్రి లైట్లు ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి. రావాలంటే మాత్రం ఎక్కడో ఉన్న వంతెన దాకా వెళ్లి చుట్టూ తిరిగి రావాలి. లేదా రేవుని వేలంపాటలో పాడుకున్నాయనకి ఫోన్ చేసి నిద్ర లేపాలి. ఆయన లేస్తాడు, పంటు తీస్తాడు, డబ్బులు కూడా అడగడు. దీన్నే మీరు పల్లెటూరి మంచితనం అంటారు. మంచితనమే, కాదనను. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడి ప్రాణాలు నిలబెట్టుకోవాల్సిన ఖర్మ మాకేంటి?

వరదొస్తే ఆ పంటు కూడా ఉండదు, ఆపేస్తారు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కింద ధవళేశ్వరం దగ్గర అవే మూడు హెచ్చరికలు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకి. మా వీధిలో సంతకం చేయడం రాని మామ్మగారికి కూడా ఈ లెక్కలు కంఠతా. పైన ఎన్నడుగులో వింటే చాలు, మన రేవులో ఏ మెట్టు ఎప్పటికి మునుగుతుందో చెప్పేస్తారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చినప్పటి సంగతులు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. 2022 జూలైలో 71 దాటినప్పుడు రాత్రంతా టార్చిలైట్లతో గట్టు మీద తిరిగింది వాళ్లే. ఎక్కడ నీరు ఊరుతోంది, ఎక్కడ ఎలక బొరియ ఉంది అని చూసుకుంటూ. ఇసుక బస్తా అందుకునేటప్పుడు ఏ కులం, ఏ పార్టీ అని ఎవరూ అడగరు. (నీళ్లు తీసిన మర్నాటి నుంచి అన్నీ మామూలే. వినాయక చవితి పందిరి కూడా వీధికొకటి. మా గురించి మరీ గొప్పగా ఊహించుకోకండి.)

ఏటి మధ్య లంక భూముల వాళ్ల బాధ ఇంకో రకం. ఏటేటా ఒడ్డు కోతే. మా ఎదురింటాయన ఒడ్డున నిలబడి, "అదిగో, ఆ సుడి తిరుగుతోందే, అక్కడుండేవమ్మా మా కొబ్బరిచెట్లు" అని నీళ్లలోకి చెయ్యి చూపిస్తాడు. పాస్‌బుక్కులో పొలం అలాగే ఉంది.

మా దగ్గర మాటకి ముందు కాటన్ దొర పేరు వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది, పెద్ద యంత్రాలేవీ లేని కాలంలో. ఆయన విగ్రహానికి దండలేసే నాయకులు మా వంతెన సంగతి ఎత్తితే మాత్రం "సర్వే జరుగుతోందండీ" అంటారు.

ఇప్పుడు 2027 పుష్కరాల హడావుడి. కొత్త టైల్స్, కొత్త లైట్లు, గోడల మీద బొమ్మలు. పన్నెండేళ్లకోసారి వచ్చేవాళ్లకి మెట్లు జారకూడదు, నిజమే. రోజూ దిగేవాళ్ల సంగతి? ఘాట్ పక్కనే ఊరి మురుక్కాలువ తిన్నగా గోదాట్లో కలుస్తుంది. ఆ తూము పైన "గోదారి తల్లిని కాపాడుకుందాం" అని రాసి ఉంది, కొత్త పెయింటుతో.

హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా బంధువులు పండక్కొచ్చి, "వంతెనొస్తే ఊరి కళ పోతుందే" అంటారు. యానాంకి ఎదురుగా ఎదుర్లంక దగ్గర వంతెనొచ్చి ఏళ్లయింది. మాకు మళ్లీ పంటే కావాలని అక్కడ ఎవరైనా ధర్నా చేసినట్టు నేనైతే వినలేదు. పంటు మీద బతికేవాళ్లకి వేరే పని చూపించాలి, అది న్యాయమైన మాట, వంతెనతో పాటే అడగాలి. కళ పోతుందనే వాళ్లు మాత్రం ఈసారి పండక్కి అవతలి ఊళ్లో దిగి, రాత్రి పదకొండుకి పిల్లలతో, సామాన్లతో ఇవతలికి రండి.