సైకిల్ ట్రాకులు దండగ అనే వాదనలో నిజమెంత?

హైదరాబాదులో సైకిల్ ట్రాకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకే తరహా సందేశం ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: మన ఊళ్లలో ఇప్పుడు సైకిల్ తొక్కేవారే లేరు, మన ఎండలకు తొక్కడం సాధ్యం కాదు, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన కట్టిన ట్రాక్ ఖాళీగా ఉండటమే అందుకు సాక్ష్యం, అసలే ఇరుకైన రోడ్లలో సైకిళ్లకు చోటు కేటాయిస్తే ట్రాఫిక్, ప్రమాదాలు రెండూ పెరుగుతాయి, పన్ను కట్టని బండికి ప్రత్యేకంగా దారి ఎందుకు? వినగానే సబబుగా తోచే మాటలు గనుకనే వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించి చూడాలి.

తొక్కేవారు లేరన్నది మొదటి మాట. 2011 జనగణన ప్రకారం వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర పనులు చేసే సుమారు 20 కోట్ల మందిలో 2.6 కోట్ల మంది పనికి సైకిల్ మీదే వెళ్తున్నారు. కారులో వెళ్లేవారు 60 లక్షలలోపే. అది పాత లెక్క అనుకుంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సైకిల్ ఉన్న ఇళ్లు 50 శాతం, కారు ఉన్న ఇళ్లు 7.5 శాతం. హైదరాబాదులో సైకిల్ వాటా దేశ సగటు కంటే తక్కువన్నది నిజమే. అయితే ఇక్కడ ఇంకా తొక్కుతున్నవారిలో చాలామంది వేరే దారి లేనివారు: తెల్లవారకముందే పేపర్లు వేసే కుర్రవాళ్లు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే వాచ్‌మన్లు, అడ్డాకు చేరుకునే కూలీలు. మనం కారు తీసే వేళకు వాళ్లు రోడ్డు మీద ఉండరు గనుక లేరనుకుంటున్నాం. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో మాత్రం వాళ్లు ఉన్నారు: 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 4,800 మందికి పైగా సైకిలిస్టులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు.

అవుటర్ రింగ్ రోడ్డు ట్రాక్ సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ప్రచారానికి అసలు బలం అదే. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ రెండు ముక్కలుగా, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వరకు మరొకటిగా సాగుతుంది. పైన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు ఉంది. దానికి పెట్టిన పేరు హెల్త్‌వే, అంటే వ్యాయామానికి కట్టినదని పేరే చెబుతోంది. వ్యాయామం చేసేవారు ఉదయం, సాయంత్రం వస్తారు; మధ్యాహ్నం ఫొటో తీస్తే ఏ పార్కైనా ఖాళీగానే కనిపిస్తుంది. ఇంటి నుంచి బడికో, మార్కెట్‌కో, మెట్రో స్టేషన్‌కో చేర్చని ట్రాక్ మీద రోజువారీ ప్రయాణికులు లేరంటే, ఆ లోపం ట్రాక్‌ను ఎక్కడ వేశామన్న దానిలో ఉంది. రెండు చివర్లూ ఏ ఊరినీ తాకని వంతెన కట్టి, ఈ ఏరు దాటేవారే లేరని తేల్చడం న్యాయం కాదు.

ఎండ విషయం. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అక్కడ 2006 నుంచి 2010 లోపు ఒకదానితో ఒకటి కలిసే సుమారు 120 కిలోమీటర్ల ట్రాకులు వేశారు. సైకిల్ ప్రయాణాలు అనేక రెట్లు పెరిగాయి. మనకూ చెట్ల నీడ కావాలి, కాదనను. కానీ అదే ఎండలో హెల్మెట్ పెట్టుకుని సిగ్నల్ దగ్గర నిలబడే స్కూటరు ప్రయాణికుల గురించి ఎవరూ ఈ అభ్యంతరం చెప్పరు.

ప్రమాదాలు పెరుగుతాయన్న మాటలో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. తెల్ల గీత గీసి, సైకిల్ బొమ్మ వేసి వదిలేసిన లేన్ రక్షణ ఇవ్వదు. నెల తిరిగేసరికి అది పార్కింగ్ స్థలం అవుతుంది, సైకిలిస్టు మళ్లీ బస్సుల మధ్యకే రావాలి. కూడళ్ల దగ్గర ఎడమకు తిరిగే బండి నేరుగా వెళ్లే సైకిల్‌కు అడ్డం పడుతుంది గనుక, అక్కడ సరైన ఏర్పాటు లేకపోతే మంచి ట్రాక్ కూడా అపాయమే. అయితే ఇవన్నీ ట్రాక్‌ను సరిగా కట్టమని చెప్పే కారణాలు. వద్దని చెప్పేవి కావు. అమెరికాలోని 12 పెద్ద నగరాల 13 ఏళ్ల లెక్కలను పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనం, అడ్డు కట్టి వేరుచేసిన సైకిల్ దారులు ఎక్కువగా ఉన్న నగరాల్లో సైకిలిస్టులకే కాక కార్లలో వెళ్లేవారికీ మరణాల రేటు తక్కువగా ఉందని తేల్చింది. రోడ్డు మీద ఉత్త బొమ్మలు వేసినచోట ఆ మేలు కనిపించలేదు. నెదర్లాండ్స్ పుట్టుకతోనే సైకిళ్ల దేశమన్నదీ అపోహే. 1971లో అక్కడ రోడ్లపై సుమారు 3,300 మంది చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడితే, చమురు సంక్షోభం కూడా తోడై, ప్రభుత్వం దారి మార్చుకుంది.

రోడ్డు ఇరుకవుతుందన్న భయానికి ఒక పోలిక చాలు. మూడు మీటర్ల వెడల్పు వరుసలో గంటకు కార్లు మోయగలిగేది 600 నుంచి 1,600 మందిని; అంతే వెడల్పున్న రెండువైపుల సైకిల్ ట్రాక్ 6,500 నుంచి 7,500 మందిని మోయగలదని అమెరికా నగర రవాణా అధికారుల సంఘం అంచనా. మన రోడ్లను నిజంగా ఇరుకు చేస్తున్నది అంచున వరుసగా రోజంతా నిలిపి ఉంచే కార్లు. సందేశం పంపేవారు వాటి ఊసే ఎత్తరు.

ఇక పన్ను. బండికి కట్టే లైఫ్ టాక్స్ రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. వీధి రోడ్లు వేసే కార్పొరేషన్‌కు ప్రధానమైన రాబడుల్లో ఒకటి ఆస్తి పన్ను. సైకిల్ తొక్కే మనిషి అద్దె కట్టినప్పుడు అందులో ఆ పన్ను భాగమూ ఉంటుంది, సబ్బు కొన్నా జీఎస్టీ కడతాడు. పైగా రోడ్డు స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ట్రాక్ ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో సవరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల్లో చదివే అమ్మాయిలకు ప్రభుత్వమే సైకిళ్లు ఇచ్చింది. ఆ సైకిల్ మీద బడికి బయలుదేరిన అమ్మాయి మెయిన్ రోడ్డు ఎక్కేసరికి, లారీకీ అంచున ఉన్న కంకరకూ మధ్య ఆమెకు మిగిలేది ఒక అడుగు జాగా.