ఎనిమిదడుగుల ప్లాంటు, పన్నెండడుగుల బోర్డు

నర్సంపేట దిక్కు మా ఊరి హైస్కూల్లో ఒక వాటర్ ప్లాంట్ పెట్టారు. పెట్టింది ఒక విత్తనాల కంపెనీ. పేరు నేను చెప్పను. చెప్పాల్సిన పని కూడా లేదు, మా ఊరికొచ్చే ఎవరికైనా బస్సు దిగకముందే ఆ పేరు కనిపిస్తుంది. ప్లాంటు గది ఎనిమిదడుగులు, దాని మీద బోర్డు పన్నెండడుగులు. మిగిలిన నాలుగడుగులు గోడ దాటి గాలిలో వేలాడుతుంటాయి. 'సామాజిక బాధ్యత' అన్న మాట సరిగ్గా ఆ నాలుగడుగుల మీదే పడింది.

చట్టం తెలియని వాళ్లు దీన్ని దానం అనుకుంటారు. 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 135 అని ఒకటుంది. 500 కోట్ల నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) గానీ, 1,000 కోట్ల టర్నోవర్ (ఏడాది అమ్మకాలు) గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టి తీరాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. అంటే ఇది కరెంటు బిల్లు లాంటిది, కట్టక తప్పదు. నేను ఇన్నేళ్లుగా కరెంటు బిల్లు కడుతున్నాను. ఒక్కసారి కూడా లైన్‌మన్ వచ్చి నాకు శాలువా కప్పలేదు.

చట్టం చేసినవాళ్లు చాలా సంగతులు ఆలోచించారు. ఆఫీసు ఖర్చులు 5 శాతం దాటొద్దన్నారు. సొంత ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చేది లెక్కలోకి రాదన్నారు. సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ కుదరదన్నారు. బోర్డు సైజు ఎంత ఉండాలో మాత్రం రాయడం మరిచిపోయారు. ఆ సందులోంచే దేశంలోని ఫ్లెక్సీ వ్యాపారం మొత్తం నడుస్తోందని నా అనుమానం.

ఇక ప్రారంభోత్సవం గురించి చెప్పాలి. ఫిబ్రవరిలో పెట్టుకున్నారు. ముహూర్తం పది గంటలకు. పిల్లలను తొమ్మిదికే రెండు వరుసల్లో నిలబెట్టి చేతికి తలో రెండు బంతిపూలు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి రావాల్సిన కంపెనీ పెద్ద సారు హన్మకొండలో టిఫిన్‌కు ఆగారు. తర్వాత కార్లో ఏసీ పనిచేయడం లేదని మళ్లీ ఆగారు. పన్నెండున్నరకు దిగేసరికి బంతిపూలు వాడిపోయాయి, పిల్లలు అంతకంటే వాడిపోయారు. సారు మాత్రం తాజాగా ఉన్నారు.

రిబ్బన్ మూడుసార్లు కత్తిరించారు. మొదటిసారి ఫొటోలో మాజీ సర్పంచ్ తల కంపెనీ లోగోకు అడ్డమొచ్చింది. రెండోసారి, పైనుంచి వీడియో తీస్తున్న డ్రోన్ మరీ కిందికి దిగడంతో ఆ గాలికి రిబ్బన్ ఎగిరి ప్రధానోపాధ్యాయుడి మెడకు చుట్టుకుంది. మూడోసారికి రిబ్బనే మిగల్లేదు. ఉన్న ముక్కలను ముడివేసి పట్టుకున్నారు. కత్తెర ముడి మీద పడి తెగలేదు. సారు రెండు చేతులతో లాగి తెంపారు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత నీళ్లు తాగే ఘట్టం. ప్లాంటుకు ఇంకా కరెంటు కనెక్షన్ రాలేదు. మీటర్‌కు దరఖాస్తు పెట్టారట, వస్తుందట. అంతవరకు ఫొటో ఆగదు కదా. కార్లోంచి వాటర్ బాటిల్ తెచ్చి స్టీలు గ్లాసులో పోసి, ఏడో తరగతి పాపను నల్లా పక్కన నిలబెట్టి తాగమన్నారు. తాగింది. "మళ్లీ తాగమ్మా, ఈసారి నవ్వుకుంటా" అన్నాడు ఫొటోగ్రాఫర్. తాగింది. ఎండ మొహం మీద పడుతోందని ఇంకోసారి. సారు చెయ్యి తల మీద పెడుతుంటే ఇంకోసారి. నాలుగో గ్లాసు తర్వాత ఆ పాప టీచర్ దగ్గరికెళ్లి చెవిలో ఏదో అడిగింది. టీచర్ తల అడ్డంగా ఊపింది. ఆ బడి బాత్రూంలో నీళ్లు రావు. అది ఆ రోజు కార్యక్రమంలో లేదు.

ప్లాంటు ఇప్పుడెలా ఉందని అడక్కండి. తాళం వేసి ఉంది. తాళంచెవి నర్సంపేటలో ఆ కంపెనీ విత్తనాలమ్మే డీలర్ దగ్గరుంది. పనిచేస్తోందా లేదా అని చూసేవాళ్లు లేరా అంటే, చట్టంలో దానికీ ఒక ఏర్పాటుంది. బయటివాళ్లతో ఫలితం మదింపు చేయించాలి. కాకపోతే అది సగటున ఏడాదికి 10 కోట్లు, ఆపైన సామాజిక ఖర్చు పెట్టాల్సిన కంపెనీలకు, అదీ కోటి రూపాయలు, అంతకు మించిన పనులకు మాత్రమే. మా ప్లాంటు అంత గొప్పది కాదు. దాంట్లోంచి నీళ్లు రాకపోతే ఎవరినీ అడగాల్సిన పనిలేదు.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇప్పుడు వేదిక మీద మూడో కుర్చీలో కూర్చున్న మనిషి సంగతి.

ఆయన మా చిన్నాయన. రెండెకరాల్లో మిర్చి వేస్తాడు. సరిగ్గా పండిన ఏడాది ఎకరానికి ఇరవై క్వింటాళ్లు తీసి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలిన చేను అది. పోయిన వానాకాలం ఇదే కంపెనీ ప్యాకెట్లు తెచ్చి నారు పోశాడు. మొక్క ఏపుగా పెరిగింది. నడుము దాటి పెరిగింది. పక్క చేన్ల వాళ్లు వచ్చి చూసిపోయారు. డిసెంబర్ వచ్చినా కాత లేదు. చెట్టుకు నాలుగు కాయలు, అవీ మూడు రకాలు: ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి బుట్ట మిరప లాగా గుండ్రంగా. ఒకే ప్యాకెట్ గింజలకు మూడు రకాల కాయలు ఎలా కాశాయో చెప్పడానికి వ్యవసాయంలో డిగ్రీ అక్కర్లేదు.

డీలర్ దగ్గరికి పోతే ఖాళీ ప్యాకెట్ తెమ్మన్నాడు. బిల్లు తెమ్మన్నాడు. లాట్ నంబర్ చెప్పమన్నాడు. మా చిన్నాయన ప్యాకెట్ దాచుకున్నాడు, బిల్లు డీలర్ ఇస్తే కదా! కంపెనీ మనిషి చేనుకొచ్చి అరగంట తిరిగి నల్ల తామర పురుగు అని తేల్చి పోయాడు. 2021-22లో ఆ పురుగు మా దిక్కు తోటలను ఊడ్చుకుపోయిన మాట నిజమే. కానీ అప్పటి నుంచి అది ఈ కంపెనీలకు జీతం లేని ఉద్యోగి అయింది. గింజ మొలవకపోయినా అదే, కాయ కాయకపోయినా అదే. పురుగు తింటే ఆకు ముడుచుకుంటుంది. పొడుగు కాయ గుండ్రంగా మారదు.

అటువంటి మనిషిని వేదిక మీద కూర్చోబెట్టి 'ఆదర్శ రైతు' అన్నారు. ఫొటోకు రైతు కావాలి, డీలర్‌కు గుర్తొచ్చింది ఈయన. మా చిన్నాయన తలపాగా ఎన్నడూ కట్టడు. ఫొటోగ్రాఫరే కంపెనీ లోగో ఉన్న కండువా తీసి ఆయన తలకు చుట్టాడు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు. శాలువా కప్పుతుంటే లేచి నిలబడి దండం పెట్టాడు.

ఆ దండమే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. కౌలు, మందులు, కూలీలు కలిపి రెండెకరాల మీద మూడు లక్షలు పోగొట్టుకున్న మనిషి, పోగొట్టిన వాళ్లకే దండం పెట్టాడు! ఆయనకు మీరు బాకీ ఉన్నారయ్యా. శాలువా కాదు, బాకీ. రైతుల జేబులోంచి తీసిన లాభంలోంచి నూటికి రెండు రూపాయలు తిప్పి ఇచ్చి, దాన్ని సేవ అని రాయించుకుని, మళ్లీ వాళ్లతోనే చప్పట్లు కొట్టించుకోవడానికి సిగ్గుండాలి. రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి పోవచ్చని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. పోవచ్చు. బిల్లు ఏదని అడుగుతారు. వాయిదాకు వరంగల్ పోయిన రోజు చేను ఎవరు చూస్తారని మాత్రం ఎవరూ అడగరు.

1966 విత్తనాల చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఎంత రాశారో తెలుసా? 500 రూపాయల వరకు. ఆ రోజు సారు టిఫిన్ బిల్లు అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది.

మొన్న మే నెలాఖరులో డీలర్ ఊళ్లోకొచ్చి కొత్త సీజన్ కరపత్రాలు పంచాడు. మొదటి పేజీలో మా చిన్నాయన. తలకు కండువా, మెడలో శాలువా, వెనక కనుచూపు మేర ఎర్రగా విరగకాసిన మిర్చి. కింద 'మా విత్తనం, రైతు మొహంలో చిరునవ్వు' అని రాశారు. ప్రచారానికి పెట్టిన ఖర్చు సామాజిక బాధ్యత కిందికి రాదని పైన చెప్పాను కదా, ఆ రూలు పాపం ఇంకా మా ఊరికి రాలేదు.

కరపత్రం తెచ్చి మా చిన్నాయన చేతిలో పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"తలపాగా మంచిగనే ఉన్నది గని," అన్నాడు, "వెనక ఆ తోట ఎవలదిరా?"