ఆటలో బస్సుకు రంగేసే వీలు ఎవరికుండాలి?

ఇండొనేషియాకు చెందిన మలేయో అనే సంస్థ 2017లో ‘బస్ సిమ్యులేటర్ ఇండొనేషియా’ అనే మొబైల్ గేమ్ తెచ్చింది. ఆడేవాళ్లు ముద్దుగా బస్సిడ్ అంటారు. అందులో రోడ్లు వాళ్లవి, ఊళ్లు వాళ్లవి. అయినా మన కుర్రాళ్ల ఫోన్లలో ఆ రోడ్ల మీద పల్లెవెలుగు, సూపర్ లగ్జరీ, గరుడ బస్సులు తిరుగుతుంటాయి. మలేయో వాటిని పెట్టలేదు. బస్సు మోడల్‌కు తొడిగే బొమ్మను, అంటే టెక్స్చర్‌ను, ఆడేవాళ్లే మార్చుకునే వీలు మాత్రం ఇచ్చింది. తర్వాత కొత్త మోడళ్లనే దించుకునే దారీ తెరిచింది. మిగతాదంతా మనవాళ్లు చేసుకున్నదే. గేమ్ కంపెనీలు ఈ వీలును మూసేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

టెక్స్చర్ అంటే విప్పి పరిచిన బస్సు. దర్జీ కత్తిరించి పెట్టుకున్న జాకెట్టు ముక్కల్లాగా ఎడమ పక్క, కుడి పక్క, టాపు, వెనక భాగం అన్నీ ఒకే చదరపు బొమ్మలో విడివిడిగా ఉంటాయి. రంగును ముక్క అంచు దాటించి కాస్త బయటికి పూయాలి. లేకపోతే బస్సు దూరం వెళ్లేకొద్దీ అతుకుల దగ్గర గీతలు తేలతాయి. కొన్ని మోడళ్లలో రెండు పక్కలకూ ఒకే ముక్కను తిప్పి వాడతారు. అలాంటిదాని మీద ఊరి పేరు రాస్తే ఒక పక్క సరిగ్గా వస్తుంది, రెండో పక్క అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. తెలుగులో రాయాలంటే మరో తిప్పలు: పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కకు జరిగిపోతాయి.

ఇదంతా ఎవరూ క్లాసులో చెప్పరు. చేస్తూ చెడగొడుతూ నేర్చుకుంటారు. నాకు అంతకంటే విలువగా కనిపించేది, ఈ పని వాళ్లకు నేర్పే చూపు. రోజూ ఎక్కే బస్సును మనం చూడం. లివరీ, అంటే బస్సు ఒంటి మీది రంగుల డిజైన్, చేసేవాడు చూస్తాడు. ఆర్టీసీ సొంత బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం ఉంటుందని అతనికి తెలుసు. 2024లో టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయితే, పాత లివరీలో ఒక్క అక్షరం ఎక్కడెక్కడ చేర్చాలో తెలుసు. ఇండొనేషియాలోనూ బండ్లు ఎడమ పక్కనే నడుస్తాయి కాబట్టి తలుపు మనకు అలవాటైన వైపే ఉంటుంది. మన బస్సు అక్కడ అంత సహజంగా ఒదగడానికి అదీ ఒక కారణం.

ఇది మొబైల్‌తో పుట్టింది కాదు. 2005లో పీసీకి వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే గేమ్‌లో కారు ఆకారం డీఎఫ్‌ఎఫ్ ఫైల్లో, దాని రంగూ రూపూ టీఎక్స్‌డీ ఫైల్లో ఉండేవి. రెండో ఫైలు తెరిచి బొమ్మ మార్చితే చాలు, ఆకారం ముట్టుకోకుండానే బండి మనదయ్యేది. 2013 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేములో తుపాకుల స్కిన్లు, అంటే వాటికి తొడిగే రంగుల బొమ్మలు, అమ్మకానికి వచ్చాయి. ఆ తర్వాత చాలా గేముల్లో స్కిన్ అంటే కొనుక్కునే వస్తువే అయింది. బయటివాళ్లు చేసిన డిజైన్లను ఎంచుకుని అమ్మకంలో వాటా ఇచ్చే పద్ధతి ఉన్న మాట నిజమే. అయితే ఏది ఆటలోకి రావాలో తేల్చేది కంపెనీయే.

కంపెనీల వైపు ఒక బలమైన వాదన ఉంది. నలుగురూ పోటీపడే షూటింగ్ గేములో తేలిగ్గా కనబడాలని ఒకరు తన తెర మీద శత్రువు ఒంటికి మెరిసే రంగు పూస్తే అది మోసం. అక్కడ టెక్స్చర్ ఫైళ్లను సర్వర్ తనిఖీ చేయాల్సిందే. కానీ ఒంటరిగా బస్సు నడుపుకునే ఆటలో మోసపోయేదెవరు? అక్కడా తాళం వేస్తే అది దుకాణం కోసమే.

మనవైపు తప్పు కూడా చెప్పాలి. రోజుల తరబడి కూర్చుని ఒకరు చేసిన లివరీని మరొకరు తీసుకుని తన పేరుతో పంచుతున్నారు. లారీకి రంగులు వేసిన పెయింటర్ వెనక ఓ మూల చిన్న అక్షరాలతో తన పేరూ ఊరూ రాసుకుంటాడు. లివరీ చేసేవాళ్లూ అలాగే రాసుకుంటున్నారు. ఎత్తుకెళ్లేవాళ్లు ముందుగా చెరిపేది ఆ మూలనే.