కెమెరా తాళం నిందితుడి జేబులో

లాకప్‌లో మనిషి చనిపోతే పోలీసు శాఖ నోటి నుంచి వచ్చే మొదటి మాట గుండెపోటు. రెండో మాట, ఆ రోజు సీసీ కెమెరా పనిచేయలేదు. మొదటి మాట నిజమో కాదో పోస్టుమార్టం ఎంతో కొంత తేలుస్తుంది. రెండోదాన్ని తేల్చే నాథుడు లేడు. చెడిపోయిన కెమెరా స్టేషన్‌దే, చెడిపోయిందని చెబుతున్నదీ స్టేషనే, ఎప్పటి నుంచి చెడిపోయిందో రాసుకునే రిజిస్టరూ ఆ స్టేషన్ రైటర్ బల్ల మీదే ఉంటుంది.

అదే కెమెరా వీధిలో ఉంటే మాత్రం ఏనాడూ చెడిపోదు. చెడిపోతే దుకాణదారుడికి నోటీసు వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో తెచ్చిన ప్రజా భద్రతా చర్యల చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది చేరే అవకాశమున్న ప్రతి సంస్థా సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకోవాలి. 30 రోజుల ఫుటేజీ దాచి, పోలీసు అధికారి అడిగితే ఇవ్వాలి. ఫంక్షన్ హాలు యజమానికి ఉన్న ఈ బాధ్యత ఠాణా అధికారికి లేదా? ఉంది. అతడికి సుప్రీంకోర్టు అంతకు పదిహేను రెట్లకు పైగా కాలం ఫుటేజీ దాచే బాధ్యత పెట్టింది. అది ఉల్లంఘిస్తే నోటీసిచ్చేవాళ్లే లేరు.

2023 జనవరిలో గొలుసు చోరీ కేసులో సీసీ ఫుటేజీలోని మనిషిని పోలి ఉన్నాడని మెదక్ పోలీసులు ఒక కూలీని హైదరాబాద్ నుంచి పట్టుకెళ్లారు. వదిలేశాక ఆసుపత్రి పాలయ్యాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. పోలికను పట్టి మనిషిని తెచ్చేంత నమ్మకం కెమెరా మీద ఉన్న శాఖ, ఆ మనిషి తమ గదిలో ఉన్నంతసేపూ ఏం జరిగిందో చూపడానికి అదే కెమెరాను ఎందుకు నమ్మదు?

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలో దాటవేతకు చోటే లేదు. మెయిన్ గేటు, లోపలికీ బయటికీ వెళ్లే దారులు, లాకప్‌లు, లాకప్ బయటి స్థలం, కారిడార్లు, రిసెప్షన్, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, డ్యూటీ ఆఫీసర్ గది, స్టేషన్ హాలు, ఆవరణ ముందు భాగం, వెనుక భాగం, మరుగుదొడ్ల బయట... ఇన్ని చోట్లా కెమెరా ఉండాలంది. రాత్రిపూట కనిపించాలి, మాట కూడా రికార్డవాలి. ఫుటేజీ 18 నెలలు నిలవాలి. అంత నిల్వ సామర్థ్యం బజారులో దొరక్కపోతే దొరికినంత ఎక్కువ కాలానికి కొనాలి, ఏడాదికి మాత్రం తగ్గకూడదు. కరెంటు లేని చోట సోలార్ పెట్టమంది. సీబీఐ, ఎన్‌ఐఏ, ఈడీ లాంటి సంస్థల కార్యాలయాలనూ వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ గదిని కోర్టు పేరుపెట్టి ఎందుకు చెప్పిందో ఠాణా గడప తొక్కిన వారెవరికైనా తెలుసు. దెబ్బలు పడేది లాకప్‌లో కాదు, లాకప్ నుంచి 'సార్ పిలుస్తున్నారు' అని తీసుకెళ్లిన గదిలో.

ఇప్పుడు కాగితం పక్కనపెట్టి డిస్కు లెక్క చూద్దాం. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు సుమారు 21 గిగాబైట్లు అవుతుంది. కోర్టు చెప్పిన చోట్ల ఒక్కొక్కటే పెట్టినా 14 కెమెరాలకు రోజుకు 300 గిగాబైట్లు. అంటే 18 నెలలకు 160 టెరాబైట్లకు పైమాటే. స్టేషన్‌లో ఒక మూల 4 టెరాబైట్ల డిస్కున్న రికార్డర్ బిగించి 'ఆదేశం అమలు చేశాం' అని అఫిడవిట్ వేస్తే, ఆ డిస్కు పదమూడో రోజుకే నిండిపోతుంది. ఆ తర్వాత పాత దృశ్యం మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. నాణ్యతను సగానికి తగ్గించినా 26 రోజులకు మించి రాదు. సమాచార హక్కు చట్టం కింద జవాబివ్వడానికి అధికారికి ఉన్న గడువు 30 రోజులు. ఎవరూ ఏదీ చెరపనక్కర్లేదు. దరఖాస్తు తీసుకుని, రసీదిచ్చి, ఊరుకుంటే చాలు. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఆ నిబంధన కింద ఫుటేజీ అడగవచ్చని బాధిత కుటుంబానికి చెప్పేదెవరు?

డిస్కులో చోటున్నా ఆగని చేతులున్నాయి. 2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో లాక్‌డౌన్ వేళ దాటి దుకాణం తెరిచారన్న ఆరోపణతో తండ్రీకొడుకులను స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఇద్దరూ రోజుల వ్యవధిలో చనిపోయారు. విచారణకు వెళ్లిన జుడీషియల్ మేజిస్ట్రేట్‌కు ఒక టెరాబైట్ డిస్కు కనిపించింది, అందులో ఆ రాత్రి మాత్రం లేదు. ఏ రోజు ఫుటేజీ ఆ రోజే చెరిగిపోయేలా సెట్టింగ్ పెట్టి ఉంది. దీన్ని సాంకేతిక లోపం అనడానికి ఎంత తెగింపు కావాలి! ఆ కేసు నిలబడటానికి ఊతమిచ్చింది కెమెరా కాదు, నోరు విప్పిన ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్.

పోలీసుల వైపు వాదనలు లేకపోలేదు. సిబ్బంది చాలరు, బందోబస్తుకే సగం రోజు పోతుంది, దర్యాప్తుకు సమయం ఉండదు, పైనుంచి 'రెండు రోజుల్లో తేల్చండి' అనే ఒత్తిడి ఆగదు. అన్నీ నిజమే. వాటిలో ఏ ఒక్కటీ రికార్డర్ పాస్‌వర్డ్ స్టేషన్ హౌస్ ఆఫీసర్ (ఎస్‌హెచ్‌ఓ) దగ్గరే ఎందుకుండాలో చెప్పదు.

కొట్టడం కోపం వల్లే జరుగుతుందనుకుంటే పొరపాటు. చాలాసార్లు అది దర్యాప్తు పద్ధతి. పోలీసు ముందు ఇచ్చిన వాంగ్మూలం కోర్టులో చెల్లదు. కానీ ఆ వాంగ్మూలం వల్ల ఒక వస్తువు బయటపడితే, అంతమేరకు చెల్లుతుంది. పాత సాక్ష్యాధార చట్టంలోని 27వ సెక్షన్ ఇదే. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కిందికి చేరిందంతే. అందుకే అన్ని దారులూ 'రికవరీ' దగ్గరకు చేరతాయి. గొలుసు దొరకాలి, పంచనామా రాయాలి, ఇద్దరు పంచుల, అంటే సాక్షుల, సంతకాలు పడాలి. గొలుసు ఎక్కడుందో ఈ మనిషికి నిజంగా తెలియకపోతే? అక్కడే మనుషులు చనిపోతున్నారు. తెలిసినవాడు రెండు దెబ్బలకు చెప్పేస్తాడు. తెలియనివాడికి ఆపించుకునే మార్గం లేదు.

దీనికి తోడు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 187వ సెక్షన్ 15 రోజుల పోలీసు కస్టడీని తొలి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా తీసుకునే వీలిచ్చింది. జైలుకెళ్లి కాస్త కుదుటపడిన మనిషిని మళ్లీ అదే గదికి తేవచ్చు. కస్టడీ వ్యవధిని ఇలా పరిచిన పార్లమెంటు, అదే చట్టంలో విచారణను ఆడియో, వీడియోలో విధిగా రికార్డు చేయాలన్న ఒక్క వాక్యం చేర్చలేకపోయింది. సోదాకు వీడియో తప్పనిసరి చేసిందిగానీ విచారణకు చేయలేదు. ఇల్లు గాలించేటప్పుడు కెమెరా కావాలి, మనిషిని గాలించేటప్పుడు అక్కర్లేదు.

కెమెరా ఒక్కటే ఉన్నా చాలదన్నదీ నిజమే. ముదిరిన చేతులు మనిషిని స్టేషన్‌కు తేనే తేవు. లాడ్జి గది, ఖాళీ క్వార్టర్స్, ఊరి బయటి షెడ్డు ఉండనే ఉన్నాయి. స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో ఎంట్రీ పడదు. అరెస్టు మెమో ఉండదు. మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాల్సిన 24 గంటల గడియారం కాగితం మీద మూడో రోజు మొదలవుతుంది. 1996లో డీకే బసు తీర్పు అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో ఊళ్లోని గౌరవనీయుడో సంతకం పెట్టాలన్నది ఇందుకే. అయితే ఇక్కడా కెమెరా పనికొస్తుంది. గేటు ఫుటేజీలో మనిషి కనిపించిన వేళ, మెమోలో రాసిన వేళ పక్కపక్కన పెడితే అబద్ధం బయటపడుతుంది. గేటు కెమెరా మీద అంత కక్ష దేనికో అర్థమవుతోంది కదా.

ఆ తర్వాతి మజిలీ ప్రభుత్వ ఆసుపత్రి. రిమాండ్‌కు ముందు పరీక్షలో డాక్టరు చొక్కా విప్పించకుండా, ఎస్కార్టు కానిస్టేబుల్‌ను గది బయటికి పంపకుండా 'పైకి గాయాలు లేవు' అని రాస్తే అక్కడితో సాక్ష్యం సగం చచ్చినట్టే. లాఠీ దెబ్బకు చర్మం మీద రెండు సమాంతర ఎర్ర చారలు, మధ్యలో పాలిపోయిన గీత కనిపిస్తాయి. అవి కొద్ది రోజుల్లో మాసిపోతాయి. అరికాళ్ల మీద కొడితే పైకి పెద్దగా కనిపించదు, నడిపించి చూస్తే తెలుస్తుంది. తొడలు, పిరుదుల కండరాలు నలిగితే వాటిలోంచి విడుదలయ్యే పదార్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం ముదురు రంగులోకి మారి, ఒకటి రెండు రోజుల తర్వాత మనిషి కూలబడతాడు. అప్పటికి అతడు ఇంట్లోనో జైల్లోనో ఉంటాడు. చావు 'అనారోగ్యం' ఖాతాలో పడుతుంది, స్టేషన్ చేతులు కడుక్కుంటుంది. పరీక్ష రిపోర్టు ప్రతిని నిందితుడికి ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ చెబుతోంది. ఎన్ని ఆసుపత్రులు ఇస్తున్నాయి?

పోనీ, ఇన్ని గండాలూ దాటి ఫుటేజీ మిగిలిందనుకుందాం. దాన్ని కోర్టు చూడాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద హాష్ విలువతో, అంటే ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్రతో కూడిన సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీద సంతకం చేయాల్సింది పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు. అంటే స్టేషన్ అధికారి. ఎవరి మీద ఆరోపణో ఆయనే కెమెరా కాపలాదారు, ఆయనే మరమ్మతు కోరాల్సినవాడు, సర్టిఫికెట్ ఇవ్వాల్సినవాడూ ఆయనే. దొంగకు తాళాలిచ్చి, ఇల్లు భద్రమని రాసిచ్చే బాధ్యతా వాడికే అప్పగించాం.

పోలీసు వ్యవస్థ బాగుపడుతుందా అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబుంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ఫిర్యాదుల అథారిటీలు, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయడం వాటిలో ఉన్నాయి. ఇరవై ఏళ్లు కావస్తోంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా వాటిని చట్టం మాటున నీరుగార్చడంలో మాత్రం ఏకాభిప్రాయమే. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై భారత్ 1997లో సంతకం చేసింది, నేటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభ దాటలేదు. కస్టడీలో గాయమైతే అది పోలీసులే చేశారని కోర్టు భావించేలా చట్టం మార్చమని లా కమిషన్ 1985లోనూ చెప్పింది, 2017లోనూ చెప్పింది. సాక్ష్యాధార చట్టాన్ని 2023లో మొదటి నుంచి తిరగరాసినప్పుడు కూడా దానికి చోటు దొరకలేదు.

సాధ్యం కాదనేవారు ఇంగ్లండ్ వైపు చూడాలి. 1984 నాటి పోలీసు, క్రిమినల్ సాక్ష్యాధారాల చట్టం అక్కడ దర్యాప్తుతో సంబంధంలేని కస్టడీ అధికారిని తెచ్చింది. అరెస్టయిన మనిషి ఆ అధికారి బాధ్యత, దర్యాప్తు అధికారి సొత్తు కాదు. విచారణ టేపు చేయడం మొదలయ్యాక మాస్టర్ టేపును నిందితుడి కళ్లముందే సీలు వేసేవారు. అక్కడి పోలీసులు పుణ్యాత్ములై మారలేదు, సాక్ష్యం వారి చేతిలోంచి తీసేశారు కాబట్టి పద్ధతి మారింది.

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే కదలాల్సి వచ్చింది. రాజస్థాన్‌లో ఆ ఏడాది ఎనిమిది నెలల్లోనే పోలీసు కస్టడీలో 11 మంది చనిపోయారన్న వార్తాకథనం దానికి కారణం. కోర్టు మరో ఆదేశం ఇస్తుంది. రాష్ట్రాలు మరో అఫిడవిట్ వేస్తాయి. ఎన్ని కెమెరాలు కొన్నామో చెబుతాయి, ఎన్ని రోజుల ఫుటేజీ ఉందో చెప్పవు. కాబట్టి మేం అడిగేది కొనుగోలు లెక్క కాదు. రికార్డింగు స్టేషన్ గోడలు దాటి జిల్లా కోర్టు అధీనంలోని సర్వర్‌కు నేరుగా చేరాలి. చెరిపే అధికారం ఏ పోలీసు లాగిన్‌కూ ఉండకూడదు. కెమెరా ఆగిన పది నిమిషాల్లో మేజిస్ట్రేట్‌కు సందేశం వెళ్లాలి. కస్టడీలో ఉన్న మనిషికి గాయమై, ఆ వేళ ఫుటేజీ లేకపోతే, లేకపోవడాన్నే ఆ స్టేషన్ అధికారికి వ్యతిరేకంగా చూడాలి. కెమెరా చెడిపోవడం అధికారికి నష్టమైన రోజున ఇన్ని కెమెరాలు చెడిపోతాయా చూద్దాం.

సైనీ తీర్పు ప్రతి జిల్లాకూ ఒక పర్యవేక్షణ కమిటీ పెట్టమంది. కలెక్టరు, ఎస్పీలతో పాటు మేయరో జిల్లా పరిషత్ అధినేతో అందులో ఉండాలంది. ఫిర్యాదు రాకపోయినా సరే, నిల్వ ఉన్న ఫుటేజీ చూసి హక్కుల ఉల్లంఘన జరిగిందేమో పరిశీలించడం ఆ కమిటీ పని అని స్పష్టంగా రాసింది. రెండు తెలుగు రాష్ట్రాల మేయర్లకూ, జిల్లా పరిషత్ అధ్యక్షులకూ ఒక్కటే ప్రశ్న. పదవి చేపట్టాక ఒక్క ఠాణా ఫుటేజీ ఒక్క గంటసేపైనా చూశారా? కమాండ్ కంట్రోల్ సెంటర్ గోడ నిండా తెరల ముందు నిలబడి ఫొటోలు దిగడానికి దొరికిన తీరిక దీనికి దొరకలేదా? ఆ కమిటీలో మీకు కుర్చీ ఉందన్న సంగతైనా తెలుసా? తెలియకపోతే తీర్పు ప్రతి కలెక్టరేట్‌లో ఉంటుంది, వెళ్లి చదువుకోండి. తెలిసీ ఊరుకుంటే మాత్రం, ఈసారి లాకప్ చావు ముందు కొవ్వొత్తి పట్టుకుని నిలబడకండి.